తాతయ్య ట్రంకు పెట్టె: ఒక సాపర్ సామాను పనుల డైరీ

నవంబరు 9, 2024

అటక మీది ట్రంకు పెట్టెను బావ, నేను కలిసి దింపాం. ఇనప పెట్టె. పచ్చ రంగు చాలావరకు పెచ్చులు లేచిపోయింది. మూత మీద తెల్ల రంగుతో తాతయ్య పేరు, సైన్యంలో ఆయన నంబరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. గొళ్ళెం బిగుసుకుపోయింది. బావ సుత్తి తెస్తానన్నాడు, వద్దన్నాను. రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి అరగంట ఆగితే దానంతటదే వదిలింది.

మూత లేవగానే కలరా ఉండల ఘాటు, దాని వెనకే పాత తోలు వాసన. పెద్దత్తయ్య గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని చూస్తోంది. ఆమెకు ఎనభై మూడేళ్ళు. "ఇది నాన్న వాసన కాదురా, పెట్టె వాసన. నాన్న దగ్గర చుట్ట వాసన వచ్చేది" అంది.

తాతయ్య 1940లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, మద్రాస్ సాపర్లలో చేరారు. 1946లో తిరిగి వచ్చారు. అప్పట్లో ఆ దళం పూర్తి పేరు క్వీన్ విక్టోరియాస్ ఓన్ మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్. 1780లో రెండు కంపెనీల మద్రాస్ పయనీర్లుగా మొదలైంది. వాళ్ళ ఇల్లు బెంగళూరు. సైన్యం నడవడానికి దారి వేయడం, వంతెన కట్టడం, మందుపాతరలు ఏరడం వాళ్ళ పని. ముళ్ళకంచెలను పేల్చడానికి వాడే బెంగళూరు టార్పెడోను 1912లో రూపొందించింది ఆ దళానికి చెందిన అధికారే. తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడిగులు, మలయాళీలు అందరూ ఉండేవారు. వాళ్ళను సైన్యంలో 'తంబీలు' అనేవారు. ఇంటింటా సైనికుడున్న ఊరు అనగానే మన వైపు అందరూ తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం పేరు చెబుతారు. మా ఊరు అలాంటిది కాదు. ఇక్కడ తాతయ్య ఒక్కరే. అందుకే ఆయన ఊరందరికీ 'మిలటరీ తాత'.

జనవరి 26న ఊరి గ్రంథాలయంలో ఈ సామాను ప్రదర్శనకు పెడదామని బావ కోరిక. నాకు అభ్యంతరం లేదు. తళతళలాడేలా తోమి, ఉతికి, ఇస్త్రీ చేసి పెడదామన్నాడు. దానికి మాత్రం ఒప్పుకోలేదు. ముందు అన్నీ రాసుకోవాలి, తర్వాతే చెయ్యి వేయాలి. వాదన ఇంకా తెగలేదు.

ఈ రోజు పై వరసే చూశాను. అడుగున 'ఆంధ్రపత్రిక' కాగితాలు పరిచి ఉన్నాయి. వేటినీ తీయలేదు.

నవంబరు 16

ముందు గది సిద్ధం చేసుకున్నాను. బల్ల మీద గంజి పోయేలా రెండుసార్లు ఉడకబెట్టి ఆరేసిన గాడా గుడ్డ పరిచాను. కొత్త గుడ్డలో ఉండే గంజి వెండిచేప పురుగులకు విందు, అందుకే ఈ శ్రమ. గాలిలో తేమ కొలిచే చిన్న మీటరు కొన్నాను. ఉదయం పది గంటలకు 78 శాతం చూపించింది. నూలు, ఉన్ని, కాగితం కలిసి ఉండే చోట 50 శాతం అటూ ఇటూ ఉంటే మంచిది. గోదావరి గట్టు మీద ఇంట్లో అది దానంతటది రాదు.

ఒక్కో వస్తువునూ పైకి తీసినప్పుడు అది పెట్టెలో ఏ మూల ఉందో, దేని మీద ఉందో ముందే ఫొటో తీశాను. పక్కన స్కేలు, ఒక అంకె చీటీ. 2024.1.1 నుంచి లెక్క మొదలు. సాయంత్రానికి 31 అంకెలు అయ్యాయి. పెద్దవి ఇవి: రెండు ఖాకీ చొక్కాలు, ఒక నిక్కరు, ముదురు రంగు ఉన్ని జాకెట్టు, మందపాటి నేత బెల్టు, ఒక జత బూట్లు, పిక్కలకు చుట్టే గుడ్డ పట్టీలు, భోజనానికి వాడే దీర్ఘచతురస్రపు మెస్ టిన్, నీలం ఎనామిల్ నీళ్ళ సీసా, సూదీ దారం సంచి, మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ళలు రెండు, నాలుగు పతకాలు, పే బుక్కు, ఉత్తరాల కట్ట. ఇంకా ఒక చుట్ట తెల్ల నాడా. కట్టుకట్టే గుడ్డ అనుకుని పక్కన పెట్టాను.

గుర్తింపు బిళ్ళలు ఒకటి ఆకుపచ్చ, ఎనిమిది మూలలది. మరొకటి ఎరుపు, గుండ్రటిది. గట్టి అట్టలాంటి పదార్థం. సైనికుడు చనిపోతే ఒకటి శరీరంతో ఉంచి, ఇంకొకటి లెక్క కోసం తెచ్చేవారు. రెండూ ఒకే తాడుకు ఉన్నాయంటే మనిషి ఇంటికి వచ్చాడన్నమాట. ఆ తాడు ముడి విప్పలేదు. విప్పనివ్వను.

అడుగున గ్యాస్ మాస్కు కనిపించింది. ఇలాంటివి దొరికిన వాళ్ళందరికీ నా మనవి: ముఖానికి పెట్టుకోకండి, వడపోత డబ్బా ఊపకండి, తెరవకండి. అప్పటి బ్రిటిష్ మాస్కుల వడపోతల్లో ఆస్బెస్టాస్ ఉండేది. బావ కొడుకు దాన్ని తలకు తగిలించుకోబోతుంటే పరుగెత్తి ఆపాను. రెండు మందపాటి ప్లాస్టిక్ సంచుల్లో మూసి, టేపు వేసి, 'తెరవరాదు' అని ఎర్ర అక్షరాలతో రాశాను. అది ప్రదర్శనకు రాదు. ఇక పాత సామాన్లలో గుండు, తూటా, గ్రెనేడు లాంటివి కనిపిస్తే తాకకుండా గది ఖాళీ చేసి పోలీసులకు చెప్పడమే. మా పెట్టెలో అలాంటివి లేవు.

నవంబరు 24

ఉన్ని జాకెట్టుతో మొదలుపెట్టాను, ఎందుకంటే ఆగడానికి వీలు లేనిది అదే. సెర్జి ఉన్ని. ఎండల దేశానికి ఖాకీ నూలు, ఇటలీ చలికి ఇది. ఎడమ చంక కింద చిమ్మటలు తిన్న పదిహేడు రంధ్రాలు. మడతల్లో ఇసుకలాంటి గింజలు, పురుగు వదిలిన గూళ్ళు. బతికున్న పురుగు కనిపించలేదు, కానీ గుడ్లు కంటికి తేలిగ్గా కనిపించవు.

భుజం దగ్గర గుడ్డ బిళ్ళ: నల్లటి నేల మీద ఎర్ర గద్ద. నాలుగో భారత డివిజను గుర్తు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలోనూ, తర్వాత ఇటలీలో కసీనో కొండ దగ్గరా పోరాడిన డివిజను అది. ఎర్ర గద్ద ఒక రెక్క దారాలు లేచిపోయి ఉన్నాయి. బావ దాన్ని కొత్త దారంతో కుట్టిద్దామన్నాడు. ఆ దారాలు లేచింది దేనివల్ల? రోజూ తుపాకి పట్టీ రాసుకుని ఉండవచ్చు, భుజాన మోసిన వంతెన పలకలు రాసుకుని ఉండవచ్చు. కొత్త దారం పడితే ఆ ప్రశ్నే మాయమవుతుంది.

పురుగుకు మందు చలి. జాకెట్టును మెత్తని కాగితంలో చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, లోపలి గాలిని వీలైనంత పిండి, టేపుతో మూశాను. ఐస్‌క్రీము దుకాణం నడిపే మిత్రుడి డీప్ ఫ్రీజరులో ఒక మూల ఖాళీ చేయించాను. సున్నాకు 18 డిగ్రీల కిందకు దిగే ఫ్రీజరులో రెండు వారాలు. కలరా ఉండలు వేసి మూసే పద్ధతి మన ఇళ్ళలో తరతరాలుగా ఉంది, కానీ ఆ ఆవిరి మనుషులకూ మంచిది కాదు, ప్లాస్టిక్ బొత్తాలకూ మంచిది కాదు. పెట్టెలో దొరికిన ఉండలన్నీ ఏరి దూరంగా పారేశాను.

ఖాకీ చొక్కాలు ఇప్పటికి బాగున్నాయి. లోపలి పట్టీ మీద మసకబారిన ముద్ర: బాణం గుర్తు, దాని కింద ఐ అక్షరం. బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు. ఆ ఐ అక్షరం ఇండియాకు. అంటే గుడ్డ ఇక్కడిదే. షాజహాన్‌పూర్‌లో 1914లో పెట్టిన సైనిక దుస్తుల కర్మాగారం, మద్రాసులో బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు ఖాకీ గుడ్డ, కాన్పూరు తోలు, ఉన్ని: ఆ యుద్ధంలో సైనికుడి ఒంటి మీద ఉన్నది చాలావరకు మన మగ్గాల, మన కార్మికుల పని. 'ఖాకీ' అనే మాటకు మూలం ఉర్దూ, పారసీల్లో దుమ్ము అని అర్థమున్న 'ఖాక్'. 1840ల్లో పెషావరు వైపు బ్రిటిష్ వాళ్ళ కింద ఉన్న గైడ్స్ అనే దళంతో మొదలైన రంగు అది. ఈ చొక్కా మెడ పట్టీ లోపలి వైపు మాత్రం దుమ్ము రంగు పోయి దాదాపు తెలుపు అయింది. తాతయ్య మెడ చెమట, ఎడారి ఎండ కలిసి చేసిన పని.

వాక్యూం క్లీనరు మూతికి దోమతెర ముక్క రెండు మడతలు కట్టి, గాలి వేగం బాగా తగ్గించి, గుడ్డకు తాకీ తాకకుండా దుమ్ము లాగాను. జేబుల మూలలు ముందు కాగితం మీద బోర్లించాను. నిక్కరు జేబులో నుంచి చిటికెడు ఇసుక రాలింది. దాన్ని చిన్న గాజు సీసాలో వేసి 2024.1.4ఆ అని అంకె ఇచ్చాను. ఉతుకుదామన్న మాట మళ్ళీ వచ్చింది. ఆ సీసా చూపించాను. బావ అప్పటికి మాట్లాడలేదు.

డిసెంబరు 9

నిన్న జాకెట్టు ఫ్రీజరు నుంచి తీసుకొచ్చాను. సంచి తెరవకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి. లేకపోతే చల్లటి ఉన్ని మీద గది తేమ చెమటలా పడుతుంది. ఈ ఉదయం సంచి బయట నీటి బిందువులు ఆరిపోయాక తెరిచాను. పొడిగా ఉంది. దుమ్ము లాగడానికి రెండు గంటలు. రంధ్రాలకు రఫ్ఫు లేదు. తూలు అనే సన్నటి వలగుడ్డ ముక్కను లోపలి వైపు వదులుగా కుట్టాను, చిరుగు పెరగకుండా. ఎప్పుడు కావాలన్నా విప్పేయవచ్చు.

ఇత్తడి దగ్గర మాత్రం వాదన పెద్దదయింది. బెల్టు బకిల్సు, బొత్తాలు నల్లబడి అక్కడక్కడా పచ్చగా ఉన్నాయి. పెద్దత్తయ్య చింతపండు నానబెట్టుకుని వచ్చింది. "పూజ సామాన్లు తోముతాం, ఇవి తోమకూడదా?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. చింతపండు పులుపు ఇత్తడి మీద చిలుమును కరిగిస్తుంది, దాంతో పాటు లోహాన్నీ కొద్దిగా తీసుకుంటుంది. బిందె మందంగా ఉంటుంది, వందసార్లు తోమినా బిందె బిందే. కానీ బొత్తం మీది అచ్చు వెంట్రుక మందం. పది తోముడులకు చదునవుతుంది. పులుపు కుట్టు దారంలోకి దిగితే అక్కడ గుడ్డ పెళుసవుతుంది.

అప్పుడే భూతద్దంలో నాకు కనిపించినది ఆమెకు చూపించాను. ఒక్కో బొత్తం చుట్టూ, అచ్చు గీతల లోతుల్లో, ఎండిపోయిన తెల్లటి పొడి. పాలిషు. తాతయ్యే తోమిన పాలిషు. సైనికులకు బొత్తం తోమడానికి మధ్యలో చీలిక ఉన్న ఇత్తడి పలక ఒకటి ఉండేది, దాన్ని బొత్తం కిందకు జరిపితే పాలిషు గుడ్డకు అంటదు. మా పెట్టెలోనూ అది ఉంది, 2024.1.22. అయినా జాకెట్టు రెండో బొత్తం దగ్గర గుడ్డ మీద మరక ఉంది. ఏ రోజో తొందరలో పలక పెట్టకుండా తోమారు. పెద్దత్తయ్య ఆ మరకను చాలాసేపు చూసింది. చింతపండు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. రాత్రి పప్పుచారు చేసింది.

తోలు తాకిన చోట ఇత్తడి మీద వేరే రకం పచ్చదనం ఉంటుంది. అది మైనంలా మెత్తగా ఉంటుంది. తోలులోని కొవ్వు రాగితో కలిసి పుట్టేది. దాన్ని వదిలితే తోలును తింటుంది కనుక తీసేయాలి. వెదురు పుల్ల చివర చెక్కి నెమ్మదిగా గోకాను, మిగిలినది స్పిరిటు తడిపిన దూది పుల్లతో, తోలుకు స్పిరిటు తగలకుండా. ఒక్క బకిలుకు నలభై నిమిషాలు. నల్లబడిన మిగతా భాగాన్ని ముట్టుకోలేదు.

నేత బెల్టు రంధ్రాల్లో ఆకుపచ్చ పొడి అట్టలు కట్టి ఉంది. అది బ్లాంకో, సైనికులు బెల్టులకు తడిపి పూసే రంగుముద్ద. నీళ్ళు తగిలితే పోతుంది. కనుక బెల్టుకు నీళ్ళు లేవు.

డిసెంబరు 15

బూట్లు. అడుగున ఇనప మేకులు, ఎడమ కాలికి పదకొండు మిగిలాయి, కుడి కాలికి తొమ్మిది. తోలు మీద కొబ్బరినూనె రాద్దామని ఇంట్లో ముగ్గురు సలహా ఇచ్చారు. నూనె దుమ్మును పట్టేస్తుంది, బూజును పిలుస్తుంది, కొన్నేళ్ళకు తోలు బిగుసుకుపోతుంది. మెత్తని కుంచెతో దులిపి, లోపల ఆమ్లం లేని కాగితం ఉండలు కుక్కి ఆకారం నిలబెట్టాను. ఒక చోట వేలికి ఎర్రటి పొడి అంటింది. చెట్ల బెరడుతో ఊనిన పాత తోలుకు ముసలితనంలో వచ్చే జబ్బు అది. ఆ భాగాన్ని ఎవరూ పట్టుకోకుండా పెట్టెకు అట్టతో ఒక ఊయలలాంటిది చేశాను. తుప్పు మేకులను వదులుగా ఉన్న తుప్పు మేర దులిపానంతే.

పెద్దత్తయ్యకు ఈ బూట్లంటే ఇప్పటికీ భయం జ్ఞాపకం. తాతయ్య యుద్ధం నుంచి వచ్చేసరికి ఆమెకు అయిదేళ్ళు. అప్పటి వరకు తండ్రిని చూడలేదు. అరుగు బండల మీద మేకుల చప్పుడు విని మంచం కిందకు దూరిందట. మర్నాటి నుంచి తాతయ్య బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఇంట్లోకి వచ్చేవారట. ఆమె చెప్పింది ఫోనులో రికార్డు చేశాను. బూట్ల అంకెకే జత చేశాను.

డిసెంబరు 22

కాగితాల రోజు. తలుపులు మూసి, పంకా ఆపి కూర్చున్నాను.

ఉత్తరాలు పదకొండు. నాన్నమ్మకు తెలుగులో రాసినవి, సైనిక తపాలా ముద్ర, సెన్సారు ముద్ర ఉన్నవి. సెన్సారు తెలుగు చదివాడో లేదో కానీ ఊరి పేరు ఎక్కడా లేదు. చలిగా ఉంది, కొండలున్నాయి, మంచు పడింది, ఆవు ఈనిందా, పాప నడుస్తోందా. మొదటిసారి మంచు చూసిన గోదావరి మనిషి ఆ తెల్లదనానికి 'సున్నం చల్లినట్టు' అని రాశారు. రాసింది కాపీయింగ్ పెన్సిలుతో. తడి తగిలితే ఊదా రంగుకు తిరిగే పెన్సిలు అది. నాలుగో ఉత్తరంలో మూడు మాటలు ఊదాగా పాకాయి. వాన తడో, ఇంకేదో, నేను పేరు పెట్టను. ఈ కారణంగా కాగితాలకు తేమ అసలు తగలకూడదు. ఒక్కోటి పారదర్శకమైన పాలిస్టర్ కవరులో, రెండు వైపులా తెరిచి ఉండేలా. తుప్పు పట్టిన గుండుసూదులు తీసి విడిగా ఉంచాను. సెల్లో టేపు ఎక్కడా వేయలేదు. అంతకుముందు ఎవరో ఒక ఉత్తరానికి వేసిన టేపు ఎలా గోధుమరంగు జిగురుగా మారి అక్షరాలను మింగిందో చూశాక ఆ మాట ఎవరికైనా చెప్పగలను.

పే బుక్కులో ప్రతి నెలా ఇంటికి పంపిన మొత్తం వరసగా ఉంది. కంపెనీ పేరు ఉంది: 11 ఫీల్డ్ పార్క్ కంపెనీ. సరిగ్గా నాలుగో డివిజనుతో ఉన్న మద్రాస్ సాపర్ల కంపెనీ. భుజం మీది ఎర్ర గద్దకూ ఈ పుస్తకానికీ ముడి పడింది.

పుస్తకం మడతలో రెండు నోట్లు. మిత్ర సైన్యాలు ఇటలీలో చలామణి చేసిన లీరాలు, 1943 వరస. వెనక వైపు నాలుగు స్వేచ్ఛలు అచ్చయి ఉన్నాయి: మాట స్వేచ్ఛ, మత స్వేచ్ఛ, లేమి నుంచి విముక్తి, భయం నుంచి విముక్తి. ఆ నోటుతో తాతయ్య ఏం కొన్నారో కానీ, అది జేబులో ఉన్న నాటికి ఆయన దేశానికి స్వాతంత్ర్యం లేదు. 1943 అంటే బెంగాల్‌లో జనం ఆకలితో చచ్చిపోతున్న ఏడాది కూడా. ఆ నోటును కేటలాగులో రాసేటప్పుడు నా చేయి ఆగింది. ఈ మాటలు వివరణలో ఉండాలని నిర్ణయించుకున్నాను.

పతకాల సంగతి త్వరగా చెబుతాను. 1939–45 స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్, వార్ మెడల్. ఆఫ్రికా స్టార్ రిబ్బను ఇసుక రంగు, దాని మీద ఉత్తర ఆఫ్రికాలో పోరాడిన బ్రిటిష్ ఎనిమిదో సైన్యం పేరున్న బద్దీ. ఇటలీ స్టార్ ఆ దేశపు జెండా రంగులది. రిబ్బన్లు చివికాయి. కొత్త రిబ్బన్లు సులువుగా దొరుకుతాయి, కానీ పాతవి తీయలేదు. పడుకోబెట్టి ఉంచితే బరువు రిబ్బను మీద పడదు.

జనవరి 4, 2025

ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన తెల్ల నాడా సంగతి ఈ రోజు తేలింది.

కొలిచాను: చుట్టలో పద్నాలుగు మీటర్ల చిల్లర. రెండంగుళాల వెడల్పు, రెండు వైపులా నేత అంచు. కట్టుకట్టే గుడ్డ ఇంత గట్టిగా ఉండదు. ఒక చివర ముదురు మట్టి మరక, చిరుగు, ఏదో మేకుకు చుట్టి బిగించిన ముడి ఆనవాలు. నాకు అప్పుడు తట్టింది. సాపర్లు మందుపాతరలు ఏరుకుంటూ వెళ్ళిన దారికి రెండు పక్కలా తెల్ల నాడా పరిచేవారు. వెనక వచ్చే దళం రాత్రిపూట కూడా ఆ రెండు తెల్ల గీతల మధ్యే నడవాలి. గీత దాటితే చావు. మైన్ డిటెక్టరు ఉన్నా, అది పలికిన చోట వంగి, బాయ్‌నెట్టు మొనను ఏటవాలుగా మట్టిలోకి గుచ్చి గుచ్చి వెతికే పని మనిషిదే.

పెద్దత్తయ్యకు చూపించి అడిగాను. ఆమె గుర్తు పట్టడానికి క్షణం పట్టలేదు. "ఇదా! ఇది అమ్మ లంగా బొందు గుడ్డ. గట్టిదని ముక్కలు కోసి వాడేది. దిండ్లకు కూడా కట్టింది. ఒకరోజు నాన్న చూశారు. ఏమీ అనలేదు. మిగిలింది చుట్టి పెట్టెలో పెట్టుకున్నారు." ఆమె తన అలమరలోకి వెళ్ళి నాన్నమ్మ పాత లంగా ఒకటి తెచ్చింది. బొందు అదే నేత. ఉత్తరాల కట్టకు కట్టిన నాడా కూడా అదే అని అప్పుడు చూశాను. పదకొండు ఉత్తరాలూ దాంతోనే కట్టి ఉన్నాయి.

తర్వాత ఆమె ఇంకో మాట చెప్పింది. ఏటా శివరాత్రి వెళ్ళిన అమావాస్య నాడు తాతయ్య పెరట్లో ఒక దీపం పెట్టేవారట. ఎవరికి అని అడిగితే 'సుబేదారు గారికి' అనేవారట. 'ఆయన మైను మీద పడుకున్నారు, వెనకవాళ్ళు బతికారు' అని ఒక్కసారి చెప్పారట. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

ఆ సుబేదారు ఎవరో చరిత్ర పుస్తకాల్లో ఉంది. సుబేదార్ సుబ్రమణ్యం, కాంచీపురం వైపు మనిషి, 11 ఫీల్డ్ పార్క్ కంపెనీ. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర మందుపాతరలు ఏరే బృందం ముందు నడుస్తున్నారు. వెనక ఉన్న లాన్స్ నాయక్ కాలు మైను మీద పడింది. అది పేలడానికి కొన్ని సెకన్లే ఉంది. సుబేదారు వెనక్కి తిరిగి దాని మీద పడిపోయారు. మిగిలినవాళ్ళు బతికారు. ఆయనకు మరణానంతరం జార్జి క్రాసు ఇచ్చారు, సాహసానికి బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే అత్యున్నత పతకాల్లో ఒకటి అది.

1944 ఫిబ్రవరి 24 ఏ తిథి అని పంచాంగం లెక్క చూశాను. స్వభాను నామ సంవత్సరం, మాఘ అమావాస్య.

తాతయ్యకు ఇంగ్లీషు తేదీ అక్కర్లేకపోయింది. తిథితో గుర్తు పెట్టుకున్నారు, మనం ఇంట్లో పోయినవాళ్ళకు పెట్టుకున్నట్టు.

కేటలాగులో ఈ నాడాకు రెండు పేరాలు రాశాను. ఒకటి వస్తువు చెప్పినది: కొలతలు, నేత, మరక, ముడి. రెండోది పెద్దత్తయ్య చెప్పినది, ఆమె మాటల్లోనే, రికార్డు చేసిన తేదీతో. రెండింటినీ కలపలేదు. లంగాకూ అంకె ఇచ్చాను. 2024.1.32. సైన్యపు సామానులో లంగా ఏమిటని బావ అడిగాడు. ఆ లంగా బొందు ఇటలీ నేల మీద పరిచిన నాడా. అది ఈ లెక్కలో లేకపోతే ఏది ఉండాలి?

జనవరి 26

ప్రదర్శన అయింది. గ్రంథాలయం కిటికీలకు మందపాటి తెరలు వేశాం. బట్టల మీద వెలుగు 50 లక్సులు దాటకుండా ఫోను మీటరుతో చూస్తూ బల్బులు తగ్గించాం. చీకటిగా ఉందని మొదట అందరూ అన్నారు, రెండు నిమిషాలకు కళ్ళు అలవాటయ్యాయి. ఎవరి ఒంటి మీదా జాకెట్టు తొడగలేదు. పరుపులాంటి ఆసరా మీద పడుకోబెట్టాం.

బొత్తాలు నల్లగానే ఉన్నాయి. పక్కన భూతద్దం పెట్టాను, పాలిషు పొడి చూసుకోవడానికి. దాని ముందు వరస కట్టింది పిల్లలు. బావ అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ బొత్తం పలక ఎలా వాడతారో తనే చెప్పాడు. ఇద్దరు పక్క ఊరి నుంచి వచ్చారు, వాళ్ళ ఇంట్లోనూ ఒక పెట్టె ఉందట, దాంట్లో ఎనామిల్ మగ్గు, పతకాలు. తోమకండి అని మాత్రం చెప్పి ఫోను నంబరు తీసుకున్నాను.

ఫిబ్రవరి 27

చివరి పని నాడాను చుట్టడం. ఇస్త్రీ లేదు, ముడతలు అలాగే. అట్ట గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి, దాని మీద నాడాను వదులుగా, మరక ఉన్న చివర పైకి వచ్చేలా చుట్టాను. గాడా గుడ్డ సంచిలో పెట్టి, గుడ్డ పట్టీ మీద అంకె రాసి సంచికే కుట్టాను. నాడా మీద సూది గుచ్చలేదు. అట్టపెట్టెలో నారింజ రంగు సిలికా జెల్ పొట్లాలు వేశాను. మూసిన పెట్టెలో తేమ ఇప్పుడు 52. రంగు మారినప్పుడు ఓవెనులో వేడి చేసి మళ్ళీ వాడాలి. అది నెలకోసారి పని, గోడ మీద రాసి పెట్టాను.

కేటలాగు 32 అంకెలు, 214 ఫొటోలు, మూడు గంటల రికార్డింగు. బెంగళూరులో హలసూరు చెరువు దగ్గర మద్రాస్ సాపర్ల మ్యూజియం ఉంది. వాళ్ళకు ఒక ప్రతి పంపాలని ఇంట్లో నిర్ణయించాం. వస్తువులు ఇవ్వాలా వద్దా అన్నది పెద్దత్తయ్య మాట. ఆమె ఇంకా చెప్పలేదు. లంగా మాత్రం ఇవ్వనంది, కనుక 2024.1.32 ఎదురుగా 'ఇంట్లోనే ఉంటుంది' అని రాశాను.

నిన్న శివరాత్రి. ఈ సాయంత్రం అమావాస్య. పెరట్లో ప్రమిద పెట్టమని పెద్దత్తయ్య అడిగింది. గాలికి ఆరిపోకుండా తులసికోట వెనక పెట్టాను. నూనె ఆమే పోసింది.